ఎక్స్‌ఎంఎల్ స్కీమాలో ఎలిమెంట్లను గ్లోబల్‌గా డిక్లేర్ చేయాలా, లోకల్‌గానా?

ప్రశ్న: సూచిక

పుస్తకాల కేటలాగు సమాచారాన్ని ఒక వ్యవస్థ నుంచి మరొక వ్యవస్థకు పంపేందుకు ఎక్స్‌ఎంఎల్ స్కీమా (పత్రంలో ఏ ఎలిమెంట్లు, అంటే ట్యాగులతో గుర్తించే భాగాలు, ఎలా ఉండాలో చెప్పే నియమాల ఫైలు) ఒకటి రాస్తున్నాను. కేటలాగు అనేది రూట్, అంటే మిగతావన్నీ తనలో ఉండే పై ఎలిమెంట్. దాని లోపల పుస్తకాలు, ప్రతి పుస్తకానికీ శీర్షిక, రచయితలు, ప్రచురణకర్త, విషయసూచిక ఉంటాయి. ఎక్స్‌ఎంఎల్ పేర్లలో తెలుగు అక్షరాలు చెల్లుతాయి కనుక ఎలిమెంట్ల పేర్లన్నీ తెలుగులోనే పెట్టుకున్నాను. టార్గెట్ నేమ్‌స్పేస్‌కు (ఈ స్కీమాలోని పేర్లు చెందే సమూహానికి) గ్రం అనే ప్రిఫిక్స్ (పేరు ముందు రాసే గుర్తు) వాడుతున్నాను.

మొదటి ప్రతిలో కేటలాగు ఎలిమెంట్ ఒక్కదాన్నే స్కీమా పైస్థాయిలో డిక్లేర్ చేసి, మిగిలినవన్నీ దాని లోపల ఒకదానిలో ఒకటిగా రాసుకుంటూ పోయాను. ఆ స్కీమా పనిచేసింది. దాన్ని సమీక్షించిన సహోద్యోగి మాత్రం, ఇలా రాస్తే ఏ ఎలిమెంట్‌నూ మరో చోట తిరిగి వాడుకోలేమనీ, అన్నింటినీ పైస్థాయికి తెచ్చి రెఫ్ (పైన ఉన్న డిక్లరేషన్‌ను సూచించే గుర్తు) ద్వారా పిలవాలనీ సూచించారు. ఆ ప్రకారం మార్చడం మొదలుపెట్టగానే మూడు చిక్కులు ఎదురయ్యాయి.

శీర్షిక ఎలిమెంట్‌ను పైస్థాయికి జరిపి, అది ఉన్న చోట రెఫ్ పెట్టాను. టైప్ (లోపల ఏముండాలో చెప్పే నిర్వచనం) మార్చలేదు, పేరు మార్చలేదు, వరుస మార్చలేదు. అయినా అంతకుముందు వాలిడేషన్‌లో (స్కీమాతో సరిచూసే పరీక్షలో) నెగ్గిన పత్రాలన్నీ ఇప్పుడు విఫలమవుతున్నాయి. నేను రాసిన శీర్షికను వాలిడేటర్ అక్కడ అంగీకరించడం లేదు. నా నేమ్‌స్పేస్‌కు చెందిన శీర్షిక రావాలని అంటోంది. డిక్లరేషన్ ఉన్న చోటు మారితే పత్రం ఎందుకు చెల్లకుండా పోవాలి?

ఇక పేరు అనే ఎలిమెంట్ రెండు చోట్ల ఉంది. రచయిత లోపలి పేరులో ఇంటిపేరు, సొంతపేరు అనే భాగాలు ఉంటాయి. ప్రచురణకర్త లోపలి పేరు వట్టి స్ట్రింగ్. లోకల్‌గా ఉన్నప్పుడు ఈ రెండూ పక్కపక్కన బాగానే ఉన్నాయి. పైస్థాయికి తెస్తే ఒకే పేరుతో రెండు డిక్లరేషన్లు కుదరవని స్కీమా ప్రాసెసర్ తిరస్కరిస్తోంది.

మూడవది మొదటి ప్రతి నుంచే ఉన్న ఇబ్బంది. విషయసూచికలో విభాగం లోపల విభాగం ఎన్ని అంచెలైనా ఉండవచ్చు. లోపలికి రాసుకుంటూ పోతే రెండు అంచెల తరువాత ఆపవలసి వచ్చింది.

రష్యన్ డాల్, సలామీ స్లైస్, వెనీషియన్ బ్లైండ్, గార్డెన్ ఆఫ్ ఈడెన్ అనే నాలుగు పద్ధతుల గురించి చదివాను. వాటి లాభనష్టాల పట్టికలు చూసిన కొద్దీ ఏది ఎంచుకోవాలో మరింత అయోమయంగా ఉంది. ఈ స్కీమాను ముందుముందు మరికొన్ని బృందాలు వాడుకుంటాయి, వాటిలో కొన్ని తమ సొంత అంశాలు చేర్చుకుంటాయి. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

జవాబు: పాతకోడు

మీ ప్రశ్నలో రెండు విడివిడి నిర్ణయాలు కలిసిపోయి ఉన్నాయి. ఒక ఎలిమెంట్‌ను ఎక్కడ డిక్లేర్ చేయాలన్నది మొదటిది. పత్రంలో ఆ ఎలిమెంట్ పేరు ఏ నేమ్‌స్పేస్‌కు చెందాలన్నది రెండవది. స్కీమా భాష డిఫాల్ట్ విలువలు ఈ రెండింటినీ ముడిపెట్టేస్తాయి కాబట్టి, ఒకదాన్ని కదిపితే రెండవది కూడా కదిలి మీకు మొదటి చిక్కు వచ్చింది. ముందు ఆ ముడి విప్పితే తక్కినది తేలికవుతుంది.

స్కీమా ఎలిమెంట్‌కు నేరుగా పిల్లలుగా రాసిన డిక్లరేషన్లు గ్లోబల్ డిక్లరేషన్లు. కాంప్లెక్స్ టైప్ (లోపల ఇతర ఎలిమెంట్లు వంటివి ఉండే టైప్) లోపల గానీ, పేరున్న గ్రూప్ లోపల గానీ పేరు పెట్టి రాసినవి లోకల్ డిక్లరేషన్లు. గ్లోబల్‌గా రాసిన ఎలిమెంట్ ఎల్లప్పుడూ టార్గెట్ నేమ్‌స్పేస్‌కే చెందుతుంది, అందులో మనకు ఎంపిక లేదు. లోకల్‌గా రాసినదానికి మాత్రం ఎంపిక ఉంది: దాని ఫామ్ ఆట్రిబ్యూట్ (ట్యాగులో రాసే పేరు-విలువ జత) గానీ, అది లేకపోతే స్కీమా మీద ఉన్న ఎలిమెంట్‌ఫామ్‌డిఫాల్ట్ గానీ ఆ సంగతి నిర్ణయిస్తుంది. మీరు రెండూ రాసి ఉండరు. అప్పుడు డిఫాల్ట్ విలువ అన్‌క్వాలిఫైడ్. అంటే లోకల్ ఎలిమెంట్లకు అసలు నేమ్‌స్పేసే ఉండదు.

కాబట్టి మొదటి ప్రతి ప్రకారం చెల్లిన పత్రంలోని ఒక ముక్క ఇలా ఉండి ఉంటుంది:

<గ్రం:కేటలాగు><పుస్తకం><శీర్షిక>…</శీర్షిక></పుస్తకం></గ్రం:కేటలాగు>

శీర్షికను మీరు పైకి తెచ్చాక చెల్లే పత్రం ఇది:

<గ్రం:కేటలాగు><పుస్తకం><గ్రం:శీర్షిక>…</గ్రం:శీర్షిక></పుస్తకం></గ్రం:కేటలాగు>

వాలిడేటర్ దృష్టిలో శీర్షిక, గ్రం:శీర్షిక అనేవి ఏ సంబంధమూ లేని రెండు వేరువేరు పేర్లు. అందుకే అది మీ నేమ్‌స్పేస్‌లోని శీర్షిక ఏదీ అని అడుగుతోంది.

రెండవ ముక్కను మరోసారి చూడండి. పుస్తకానికి ప్రిఫిక్స్ లేదు, శీర్షికకు ఉంది. ఎందుకలా అని పత్రం రాసేవారు అడిగితే, స్కీమా ఫైలులో ఒకటి లోపల ఉంది, ఒకటి పైన ఉంది అని తప్ప మనం చెప్పగల కారణం ఏదీ లేదు. స్కీమా రాసినవారి అంతర్గత అమరిక పత్రంలోకి కారిపోవడమంటే ఇదే. వెబ్ సర్వీసుల సందేశాల ప్రమాణమైన సోప్ 1.1లో ఫాల్ట్ (లోపం తెలిపే) సందేశం చూసినవారందరికీ ఈ దృశ్యం పరిచయమే: ఎన్వలప్, బాడీ, ఫాల్ట్ ఎలిమెంట్లకు ప్రిఫిక్స్ ఉంటుంది, ఫాల్ట్ లోపలి ఫాల్ట్‌కోడ్, ఫాల్ట్‌స్ట్రింగ్ ఎలిమెంట్లకు ఉండదు. చేత్తో ఆ సందేశాలు తయారుచేసేవారు ఆ రెండింటికీ ప్రిఫిక్స్ తగిలించి తంటాలు పడటం కొత్తేమీ కాదు.

అన్‌క్వాలిఫైడ్ వల్ల మరో ఇబ్బంది కూడా ఉంది. పత్రం రాసేవారు రూట్ మీద ప్రిఫిక్స్ లేని డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ప్రకటిస్తే, అది లోపలి ఎలిమెంట్లన్నింటికీ వర్తిస్తుంది. అప్పుడు లోకల్ ఎలిమెంట్లు నేమ్‌స్పేస్ లేనివిగా ఉండాలన్న మీ స్కీమా నియమం తప్పుతుంది. ఎక్కువమంది సహజంగా రాసే పద్ధతి అదే కనుక, మీ స్కీమా వారి పత్రాలను పదేపదే తిరస్కరిస్తుంది.

నా సలహా: గ్లోబల్, లోకల్ గురించి ఆలోచించడానికి ముందే స్కీమా మీద ఎలిమెంట్‌ఫామ్‌డిఫాల్ట్ విలువను క్వాలిఫైడ్ అని రాసేయండి. అప్పుడు ఎలిమెంట్ ఎక్కడ డిక్లేర్ అయినా పత్రంలో దాని పూర్తి పేరు ఒకటే. ఇది ఆలస్యం చేయకూడని పని, ఎందుకంటే పత్రాలు బయటికి వెళ్లిన తరువాత ఈ ఒక్క మాట మార్చినా పాత పత్రాలన్నీ చెల్లకుండా పోతాయి. ఆట్రిబ్యూట్ల డిఫాల్ట్‌ను మాత్రం ముట్టుకోవద్దు. అది అన్‌క్వాలిఫైడ్‌గానే ఉండాలి.

జవాబు: త్రికోణం

పాతకోడు గారు నేమ్‌స్పేస్ సంగతి తేల్చేశారు కాబట్టి నేను రెండవ సగం తీసుకుంటాను. నాలుగు పద్ధతుల పేర్లను కాసేపు పక్కన పెట్టండి. అవి రెండు ప్రశ్నలకు వచ్చే సమాధానాల కలయికలు మాత్రమే: ఎలిమెంట్లు గ్లోబల్‌గా ఉన్నాయా, టైప్‌లు గ్లోబల్‌గా ఉన్నాయా? రెండూ లోకల్ అయితే రష్యన్ డాల్, ఎలిమెంట్లు మాత్రమే గ్లోబల్ అయితే సలామీ స్లైస్, టైప్‌లు మాత్రమే గ్లోబల్ అయితే వెనీషియన్ బ్లైండ్, రెండూ గ్లోబల్ అయితే గార్డెన్ ఆఫ్ ఈడెన్. మీ సహోద్యోగి కోరుకున్నది పునర్వినియోగం. అది ఎలిమెంట్ ద్వారా రావాలని నియమం ఏదీ లేదు; చాలా సందర్భాల్లో టైప్ ద్వారా వస్తేనే మేలు.

మీ పేరు చిక్కును దీనితో పరీక్షించి చూడండి. ఒక స్కీమాలో గ్లోబల్ ఎలిమెంట్లన్నింటికీ కలిపి ఒకే పేర్ల ఆవరణ ఉంటుంది. లోకల్ ఎలిమెంట్లకు అలా కాదు, ప్రతి కాంప్లెక్స్ టైప్‌కూ దాని సొంత ఆవరణ ఉంటుంది. డీటీడీలలో (స్కీమాకు ముందున్న పాత నియమాల పద్ధతిలో) ఎలిమెంట్లన్నీ గ్లోబల్‌గానే ఉండేవి కనుక వ్యక్తిపేరు, సంస్థపేరు అని వేర్వేరు పేర్లు పెట్టుకోవడం తప్ప మార్గం ఉండేది కాదు. 2001 మే 2న వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ సిఫారసుగా వెలువడిన స్కీమా భాష లోకల్ ఎలిమెంట్లతో ఆ బంధనం తొలగించింది. వ్యక్తిపేరు అని ఒక టైప్‌ను పైస్థాయిలో నిర్వచించండి. రచయిత టైప్‌లో పేరు అనే లోకల్ ఎలిమెంట్‌కు ఆ టైప్ ఇవ్వండి. ప్రచురణకర్త టైప్‌లో పేరు అనే లోకల్ ఎలిమెంట్‌కు స్ట్రింగ్ ఇవ్వండి. రేపు సంపాదకుడు, అనువాదకుడు వచ్చినా వ్యక్తిపేరు టైప్ అక్కడే సిద్ధంగా ఉంటుంది.

ఇక్కడ ఒక పరిమితి తెలుసుకోవాలి. ఒకే కంటెంట్ మోడల్ లోపల ఒకే పేరుతో రెండు ఎలిమెంట్లు వస్తే, రెండింటి టైప్ ఒకటే అయి తీరాలి. ఆ రెండింటికీ పేరు లేని టైప్‌లను అక్షరం పొల్లు పోకుండా ఒకేలా రాసినా స్కీమా చెల్లదు, ఎందుకంటే పేరు లేని టైప్‌లు ఎంత పోలినా రెండుగానే లెక్క. పేరున్న టైప్ వాడితే ఈ ఇబ్బంది రాదు.

విభాగం లోపల విభాగానికి కూడా మందు అదే. తనను తాను కలిగి ఉండే నిర్మాణాన్ని చెప్పాలంటే ఏదో ఒకదానికి బయటి నుంచి పిలవగలిగే పేరు ఉండాలి. పైస్థాయిలో విభాగంటైప్ అని ఒకటి నిర్వచించి, దాని లోపల విభాగం అనే లోకల్ ఎలిమెంట్‌కు అదే టైప్ ఇచ్చి, కనీస సంఖ్య సున్నా, గరిష్ఠ సంఖ్య అపరిమితం అని రాయండి. విభాగాన్ని గ్లోబల్ ఎలిమెంట్‌గా చేసి రెఫ్ పెట్టినా పని జరుగుతుంది, కానీ అందుకోసమే గ్లోబల్ చేయనవసరం లేదు.

అయితే ఎలిమెంట్ గ్లోబల్‌గా ఉంటేనే సాధ్యమయ్యే పనులు కొన్ని ఉన్నాయి. నిర్ణయం వాటిని బట్టి జరగాలి.

పత్రానికి రూట్‌గా నిలవాలంటే గ్లోబల్ డిక్లరేషన్ కావాలి. దీనికి మరో పార్శ్వం ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు: స్కీమాలో ఇదే రూట్ అని గుర్తు పెట్టే సౌకర్యం లేదు. (రిలాక్స్ ఎన్‌జీ అనే మరో స్కీమా భాషలో స్టార్ట్ అనే ఏర్పాటు ఉంది, ఇక్కడ లేదు.) పైస్థాయిలో ఉన్న ఏ ఎలిమెంట్‌తోనైనా పత్రం మొదలుకావచ్చు. శీర్షికను గ్లోబల్ చేసిన క్షణం నుంచి, వట్టి శీర్షిక ఒక్కటే ఉన్న ఫైలు కూడా మీ స్కీమా ప్రకారం చెల్లుతుంది. సలామీ స్లైస్ పద్ధతిలో యాభై ఎలిమెంట్లు పైన ఉంటే యాభై రకాల పత్రాలకు అనుమతి ఇచ్చినట్లే. దాన్ని స్వీకరించే ప్రోగ్రాం రూట్ పేరును విడిగా సరిచూసుకోవలసి వస్తుంది.

సబ్‌స్టిట్యూషన్ గ్రూప్‌లో (తల అనే ఎలిమెంట్ రావలసిన చోట సభ్య ఎలిమెంట్లు రాగలిగే ఏర్పాటులో) తలగా గానీ, సభ్యునిగా గానీ ఉండేది గ్లోబల్ ఎలిమెంట్ మాత్రమే. అబ్‌స్ట్రాక్ట్ (పత్రంలో నేరుగా రాయకూడనిది) అని ప్రకటించే వీలు కూడా గ్లోబల్ ఎలిమెంట్‌కే ఉంది. వేరే నేమ్‌స్పేస్‌కు చెందిన స్కీమా మీ ఎలిమెంట్‌ను ఎలిమెంట్‌గా పిలవాలన్నా, వెబ్ సర్వీసులను వర్ణించే డబ్ల్యూఎస్‌డీఎల్ 1.1లో ఒక సందేశ భాగం ఎలిమెంట్ పేరును సూచించాలన్నా, పత్రంలోని భాగాలను ఏరే భాష ఎక్స్‌పాత్ 2.0లో స్కీమా-ఎలిమెంట్ పరీక్ష రాయాలన్నా గ్లోబల్ డిక్లరేషనే దిక్కు. ఎనీ వైల్డ్‌కార్డ్ (పేరు చెప్పకుండా ఎలిమెంట్లను అనుమతించే చోటు) సంగతీ అంతే. వైల్డ్‌కార్డ్‌కు ఎదురుపడిన ఎలిమెంట్‌ను వాలిడేటర్ గ్లోబల్ డిక్లరేషన్లలోనే వెతుకుతుంది, ఎవరి టైప్ లోపలో ఉన్న లోకల్ డిక్లరేషన్ దానికి కనిపించదు.

వీటిలో ఏదీ అవసరం లేని ఎలిమెంట్‌ను లోకల్‌గా ఉంచండి. గ్లోబల్ చేసినందుకు చెల్లించే మూల్యం చిన్నదేమీ కాదు. రెఫ్ పెట్టిన చోట కనీస, గరిష్ఠ సంఖ్యలు తప్ప మరేవీ మార్చలేరు. టైప్, డిఫాల్ట్ విలువ, ఫిక్స్‌డ్ విలువ, నిల్లబుల్ (ఖాళీగా ఉండనిచ్చే గుర్తు) అన్నీ గ్లోబల్ డిక్లరేషన్ వద్దే స్థిరపడిపోతాయి. సంఖ్యలకు ఇందుకు విరుద్ధమైన నియమం: వాటిని గ్లోబల్ డిక్లరేషన్ మీద రాయకూడదు, వాడిన చోటే రాయాలి. మూల స్కీమా నుంచి రెఫ్‌లకు మారేటప్పుడు ఈ సంఖ్యలను కూడా పైకి మోసుకుపోయి ప్రాసెసర్ చేత తిట్లు తినేవారు ఎందరో.

ఈ పద్ధతికి మంచి ఉదాహరణ ఆర్థిక సందేశాల ప్రమాణమైన ఐఎస్ఓ 20022. దాని సందేశ స్కీమాలలో డాక్యుమెంట్ అనే ఒక్క గ్లోబల్ ఎలిమెంట్, పేరున్న టైప్‌లు, వాటి లోపల లోకల్ ఎలిమెంట్లు, ఎలిమెంట్‌ఫామ్‌డిఫాల్ట్ క్వాలిఫైడ్ ఉంటాయి. ఒక ఫైలు తెరవగానే ఎక్కడ మొదలుపెట్టి చదవాలో సందేహం ఉండదు.

పాతకోడు గారు చెప్పిన క్వాలిఫైడ్ వల్ల మీకు దక్కే అసలు లాభం ఇక్కడే ఉంది. లోకల్‌గా ఉన్న ఎలిమెంట్‌ను తరువాత ఎప్పుడైనా గ్లోబల్ చేసి రెఫ్ పెడితే, అంతకుముందు చెల్లిన పత్రాలు అలాగే చెల్లుతాయి. గ్లోబల్ నుంచి లోకల్‌కు దిగిరావడం మాత్రం అంత సులువు కాదు, ఎందుకంటే ఈలోగా మీకు తెలియని ఏ బృందమో తన స్కీమాలో దానికి రెఫ్ పెట్టుకుని ఉండవచ్చు. కాబట్టి సందేహం ఉన్న చోట లోకల్‌తో మొదలుపెట్టడమే నయం.

జవాబు: బహుపదం

త్రికోణం గారి వాదన ఒక సందేశానికో, ఒక అప్లికేషన్‌కో స్కీమా రాసేవారికి సరిపోతుంది. అడిగినవారు చివర్లో రాసిన వాక్యం మాత్రం వేరే దిశ చూపుతోంది: మరికొన్ని బృందాలు వాడుకుంటాయి, కొన్ని తమ అంశాలు చేర్చుకుంటాయి. అక్కడ లెక్క మారుతుంది.

అనేక సంస్థలు పంచుకునే పదజాలాన్ని నిర్మించినవారు ఎలిమెంట్లను గ్లోబల్‌గానే ఉంచడానికి కారణం ఉంది. వాణిజ్య పత్రాల ప్రమాణమైన యూబీఎల్‌ను తీసుకోండి. దాని 1.0 వెర్షన్ నియమాలు ఐడీ, కోడ్ అనే రెండింటిని మాత్రమే లోకల్‌గా ఉంచి, తక్కిన ఎలిమెంట్లన్నీ గ్లోబల్‌గా ఉండాలన్నాయి, 2.0కు వచ్చేసరికి ఆ మినహాయింపూ పోయింది. అమెరికాలో ప్రభుత్వ సంస్థల మధ్య సమాచార మార్పిడికి పుట్టిన నీమ్ ఇంకా కఠినమైనది: ప్రతి ఎలిమెంటూ పైస్థాయిలోనే ఉండాలి, పేరు లేని టైప్ అనేది ఉండనే కూడదు. ఇన్‌వాయిస్‌లో కనిపించిన చెల్లింపు తేదీ, రసీదులో కనిపించిన చెల్లింపు తేదీ ఒకే అర్థం గల ఒకే వస్తువు అని యంత్రానికి చెప్పగలిగేది టైప్ కాదు, ఎలిమెంట్ పేరే. రెండు లోకల్ ఎలిమెంట్లకు ఒకే పేరు, ఒకే టైప్ ఉన్నా అవి ఒకటేనని స్కీమా ఎక్కడా హామీ ఇవ్వదు. అది చదివేవారి ఊహ మాత్రమే.

ఆ మాటకొస్తే మీ పేరు ఎలిమెంట్ విషయంలోనూ నేను త్రికోణం గారితో పూర్తిగా ఏకీభవించను. ఒకే పత్రంలో ఒకే పూర్తి పేరుకు రెండు నిర్మాణాలు ఉంటే, పేర్లన్నీ ఏరడానికి రాసిన ఎక్స్‌పాత్ వాక్యం రెండు రకాల వస్తువులను తెచ్చిపెడుతుంది. భాష అనుమతించినంత మాత్రాన ఆ స్వేచ్ఛను వాడి తీరాలని లేదు.

విస్తరణ సంగతికి వస్తే, భౌగోళిక సమాచార భాష జీఎంఎల్‌ను పరిశీలించడం మంచిది. దాని 3.2.1 వెర్షన్ 2007లో ఐఎస్ఓ 19136గా వెలువడింది. అందులో అబ్‌స్ట్రాక్ట్‌ఫీచర్ అనే అబ్‌స్ట్రాక్ట్ గ్లోబల్ ఎలిమెంట్ ఉంటుంది. రహదారులకో, నదులకో స్కీమా రాసేవారు తమ నేమ్‌స్పేస్‌లో గ్లోబల్ ఎలిమెంట్ డిక్లేర్ చేసి, దాన్ని ఆ తల కింద సబ్‌స్టిట్యూషన్ గ్రూప్‌లో చేరుస్తారు. జీఎంఎల్ స్కీమాలో ఒక్క అక్షరం మార్చకుండానే కొత్త ఎలిమెంట్లు అబ్‌స్ట్రాక్ట్‌ఫీచర్ ఉండే చోట చోటు చేసుకుంటాయి. ఆ తల లోకల్‌గా ఉండి ఉంటే ఇది జరిగేది కాదు.

మీ టైప్‌లను వేరే బృందం తన నేమ్‌స్పేస్‌లో రిస్ట్రిక్షన్ ద్వారా కుదించాలనుకుంటే మరో గోడ అడ్డొస్తుంది. రిస్ట్రిక్షన్‌లో ఉంచుకోదలచిన ఎలిమెంట్లన్నీ మళ్లీ రాయాలి. మీ ఎలిమెంట్లు గ్లోబల్ అయితే ఆ బృందం వాటికి రెఫ్ పెడుతుంది, పని పూర్తవుతుంది. అవి క్వాలిఫైడ్ లోకల్ ఎలిమెంట్లయితే, ఆ బృందం తన స్కీమాలో మళ్లీ రాసిన ఎలిమెంట్లు తన నేమ్‌స్పేస్‌కు చెందుతాయి, మీ దానికి కాదు. దాంతో అది చెల్లే రిస్ట్రిక్షన్ కాదు. 2012 ఏప్రిల్ 5న వచ్చిన స్కీమా భాష 1.1 వెర్షన్‌లో ఇందుకోసమే లోకల్ ఎలిమెంట్ మీద టార్గెట్ నేమ్‌స్పేస్ రాసే వీలు కల్పించారు. కానీ 1.1ను అమలుచేయని ప్రాసెసర్లు నేటికీ వాడుకలో ఉన్నాయి కనుక, ఆ సౌకర్యం మీద ఆధారపడేముందు మీ వినియోగదారుల పనిముట్లు ఏవో కనుక్కోండి.

అందుచేత నా సూచన మధ్యస్థంగా ఉంటుంది. పుస్తకం, రచయిత, ప్రచురణకర్త, విభాగం లాంటివి స్వతంత్రంగా అర్థం ఉన్న వస్తువులు. ఇతరులు వాటిని తమ పత్రాల్లో పెట్టుకోవాలనుకుంటారు. వీటిని గ్లోబల్ చేయండి. పుటల సంఖ్య, క్రమసంఖ్య, మీరు చెప్పిన పేరు లాంటివి తమను మోసే వస్తువు లేకుండా అర్థం లేనివి; వాటిని లోకల్‌గా ఉంచండి. టైప్‌లన్నింటికీ పేర్లు పెట్టండి. ఎలిమెంట్లకూ టైప్‌లకూ వేర్వేరు పేర్ల ఆవరణలు ఉంటాయి కనుక రచయిత అనే ఎలిమెంట్, రచయిత అనే టైప్ రెండూ ఉండవచ్చు, అయినా టైప్ పేరు చివర టైప్ అని చేర్చడం చదివేవారికి సౌకర్యం.

స్పందన: సూచిక

ముగ్గురికీ ధన్యవాదాలు. ఎలిమెంట్‌ఫామ్‌డిఫాల్ట్ మార్చగానే మొదటి చిక్కు తొలగింది. పత్రాలు ఇంకా పరీక్ష దశలోనే ఉన్నాయి కనుక వాటిని తిరిగి తయారుచేయడం కష్టం కాలేదు. టైప్‌లన్నింటికీ పేర్లు పెట్టాను. కేటలాగు, పుస్తకం గ్లోబల్‌గా ఉన్నాయి; రచయిత, ప్రచురణకర్త, విభాగాలను ప్రస్తుతానికి లోకల్‌గా ఉంచి, ఎవరైనా అడిగినప్పుడు పైకి తేవాలని అనుకుంటున్నాను.

మరో రెండు సందేహాలు. స్కీమా నుంచి ఎక్స్‌జేసీతో జావా క్లాసులు తయారుచేస్తున్నాం. కేటలాగు టైప్‌కు పేరు పెట్టిన తరువాత ఆ క్లాసు మీద ఎక్స్‌ఎంఎల్‌రూట్‌ఎలిమెంట్ (ఈ క్లాసు పత్రానికి రూట్ కాగలదని చెప్పే) గుర్తు రావడం మానేసింది. ఇది కూడా గ్లోబల్, లోకల్ వ్యవహారమేనా? ఇంకొకటి, భాష అనే ఆట్రిబ్యూట్ చాలా ఎలిమెంట్లకు కావాలి. దాన్ని గ్లోబల్ చేయవచ్చా?

జవాబు: పాతకోడు

అవును, ఆ వ్యవహారమే. ఆ గుర్తు క్లాసు మీద ఉంటుంది, క్లాసు టైప్ నుంచి పుడుతుంది. టైప్‌కు పేరు లేకపోతే దాన్ని వాడే ఎలిమెంట్ అదొక్కటే అని ఎక్స్‌జేసీకి నిశ్చయంగా తెలుసు కనుక గుర్తు పెడుతుంది. పేరున్న టైప్‌ను రేపు మరో స్కీమాలో మరో ఎలిమెంట్ వాడవచ్చు, అందువల్ల అది సాహసించదు; బదులుగా ఆబ్జెక్ట్‌ఫ్యాక్టరీలో జాక్స్‌బీఎలిమెంట్‌ను (విలువను ఎలిమెంట్ పేరుతో కలిపి మోసే వస్తువును) ఇచ్చే మెథడ్ తయారుచేస్తుంది. ఆ మెథడ్ వాడుకోవడం సరళమైన దారి. కేటలాగు టైప్‌ను ఎవరూ విస్తరించరని మీకు నమ్మకం ఉంటే, ఆ ఒక్క టైప్‌ను పేరు లేకుండా రూట్ లోపలే ఉంచడమూ తప్పు కాదు. పేరు లేని టైప్‌కు మరో టైప్ వారసురాలు కాలేదు, పత్రంలో ఎక్స్ఎస్ఐ టైప్ (పత్రంలోనే టైప్ పేరు చెప్పే ఆట్రిబ్యూట్) ద్వారా దాన్ని ప్రస్తావించనూ లేరు. ఆ రెండూ అవసరం లేని చోటే ఇలా చేయండి. తక్కిన చోట్ల పేర్లు తీసేయవద్దు, లోపల లోపల ఉన్న పేరు లేని టైప్‌లు క్లాసు లోపలి క్లాసులుగా మారి జావా కోడ్ చదవడానికి ఇబ్బంది పెడతాయి. క్లాసుల ముచ్చట కోసం స్కీమా రూపాన్ని మార్చడం నాకు సాధారణంగా నచ్చదు. స్కీమా ఆయుష్షు ఆ క్లాసుల కంటే ఎక్కువ.

జవాబు: త్రికోణం

ఆట్రిబ్యూట్ల విషయంలో సమాధానం ఎలిమెంట్ల కంటే సూటిగా ఉంటుంది: మీ సొంత పదజాలం లోపల వాడుకునే ఆట్రిబ్యూట్‌ను గ్లోబల్ చేయవద్దు. గ్లోబల్ ఆట్రిబ్యూట్ టార్గెట్ నేమ్‌స్పేస్‌కు చెందుతుంది, ఆట్రిబ్యూట్లకు డిఫాల్ట్ నేమ్‌స్పేస్ వర్తించదు, కనుక పత్రం రాసే ప్రతివారూ ప్రతి చోటా గ్రం:భాష అని ప్రిఫిక్స్‌తో రాయవలసిందే. తిరిగి వాడుకోవడమే మీ ఉద్దేశమైతే ఆట్రిబ్యూట్‌గ్రూప్‌ను పైస్థాయిలో నిర్వచించి, దాని లోపల భాషను లోకల్‌గా డిక్లేర్ చేసి, కావలసిన టైప్‌లలో ఆ గ్రూప్‌ను పిలవండి. పత్రంలో ప్రిఫిక్స్ లేని భాష మిగులుతుంది, స్కీమాలో డిక్లరేషన్ ఒక్క చోటే ఉంటుంది. ఇతరుల ఎలిమెంట్ల మీద వచ్చి కూర్చోవడానికే పుట్టిన ఆట్రిబ్యూట్లు గ్లోబల్‌గా ఉండటం సబబు. లింకుల ప్రమాణమైన ఎక్స్‌లింక్ వారి హెచ్‌రెఫ్ అటువంటిది. నిజానికి భాషను సూచించడానికి ఎక్స్‌ఎంఎల్ నేమ్‌స్పేస్‌లో లాంగ్ అనే ఆట్రిబ్యూట్ ముందే ఉంది, దాన్ని ఇంపోర్ట్ చేసుకుని రెఫ్ పెడితే మీకు కొత్తది అవసరం కూడా రాదు. ఆ ప్రిఫిక్స్‌ను పత్రంలో ప్రకటించవలసిన పని లేదు.

రచయిత, ప్రచురణకర్తలను తరువాత పైకి తెస్తానన్నారు కనుక, నేను పైన ఇచ్చిన హామీకి ఒక సవరణ చేర్చాలి. పాత పత్రాలు అలాగే చెల్లుతాయన్నది మీ స్కీమాలో వైల్డ్‌కార్డ్ లేనంత వరకే. వేరే బృందాల అంశాల కోసం మీరు ఎక్కడైనా ఎనీ వైల్డ్‌కార్డ్ పెట్టి, ప్రాసెస్‌కంటెంట్స్ విలువను లాక్స్ అని రాశారనుకోండి. అక్కడ ఎవరో గ్రం:రచయిత అని తమకు తోచిన నిర్మాణంతో రాశారు. గ్లోబల్ డిక్లరేషన్ దొరకలేదు కనుక వాలిడేటర్ దాన్ని చూసీ చూడనట్లు వదిలేసింది. రచయితను మీరు పైకి తెచ్చిన రోజున ఆ డిక్లరేషన్ దొరుకుతుంది, లోపలి నిర్మాణాన్ని సరిచూస్తుంది, నిన్నటి వరకు చెల్లిన పత్రం ఆ రోజు విఫలమవుతుంది. దీన్ని తప్పించడానికి వైల్డ్‌కార్డ్ నేమ్‌స్పేస్ విలువను అదర్ అని రాయండి. అప్పుడు మీ టార్గెట్ నేమ్‌స్పేస్‌కు చెందిన ఎలిమెంట్లు ఆ చోట మొదటి నుంచే అనుమతి పొందవు, డిక్లరేషన్లను మీరు తరువాత ఎటు జరిపినా ఆ చోటుకు తేడా రాదు.